మూరెడు రబ్బరు హోస్ మార్చిన పని

మన షెడ్లలో బండి బ్రేకుల మాట వచ్చినప్పుడు ప్యాడ్లు ఎంత మిగిలాయో చూస్తారు, డిస్కు మీద గాడి పడిందేమోనని వేలితో తడిమి చూస్తారు, రిజర్వాయర్‌లో ఆయిల్ నల్లబడిందని మనకు చూపించి మారుస్తారు, మరీ మొరాయిస్తే ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌ను విప్పి కిట్టు వేస్తారు. చాసిస్ మీది ఇనుప గొట్టాన్నీ చక్రం దగ్గరి కాలిపర్‌నూ కలిపే మూరెడు రబ్బరు హోస్ జోలికి మాత్రం, అది పగిలి ఆయిల్ కారేదాకా, ఎవరూ పోరు. ఆ హోస్ ఎక్కడా పగలకుండా, చుక్క ఆయిల్ కూడా బయటికి రానివ్వకుండా, లోపల్లోపలే చెడిపోయి బ్రేకును పట్టేయగలదన్న సంగతి నా బండి విషయంలో తేలింది కాబట్టి, ఆ జబ్బును ఎలా గుర్తించాలో, హోస్‌ను ఎలా మార్చాలో కొంత వివరంగా రాస్తున్నాను. నాది 2009 నాటి స్విఫ్ట్, పెట్రోలు బండి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. ఏబీఎస్ ఉన్న బండ్లలో ఎయిర్ తీసే పని, అంటే గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపే పని, కొంత వేరుగా ఉండవచ్చు, ఎందుకంటే బ్రేకు ఒత్తిడిని సర్దే దాని మాడ్యులేటర్‌లోకి గాలి చేరితే కొన్ని మోడళ్లకు స్కానర్ పెట్టి తీయవలసి వస్తుంది.

జబ్బు బయటపడినది శ్రీశైలం నుంచి దోర్నాల మీదుగా విజయవాడకు తిరిగి వస్తున్నప్పుడు. నల్లమల ఘాట్ దిగుతుండగా ఎడమ ముందు చక్రం వైపు నుంచి కాలిన వాసన మొదలైంది. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కడం వింత కాదు గనుక కిందికి చేరాక బండి ఆపి, రిమ్ముకు తగలకుండా అరచేతిని దగ్గరగా పెట్టి నాలుగు చక్రాలనూ చూశాను. కుడి ముందు చక్రం వేడిగా ఉంది. ఎడమది మాత్రం జానెడు దూరం నుంచే సెగ కొడుతోంది. అరగంట ఆగి బయలుదేరితే మళ్లీ మామూలుగానే నడిచింది. ఆ తరువాత ఊళ్లోనూ ఇదే వరస: ఉదయం తీసినప్పుడు బండి హాయిగా దొర్లుతుంది, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో పదేపదే బ్రేకు వేశాక యాక్సిలరేటర్ తొక్కినా ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్లు బరువెక్కుతుంది, రాత్రంతా నిలిపితే తెల్లారేసరికి మళ్లీ వదులైపోతుంది. షెడ్డుకు తీసుకువెళితే కాలిపర్ జారే పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, ప్యాడ్లు మార్చి పంపారు. కొన్నాళ్లు బాగానే ఉన్నట్లనిపించింది, తరువాత మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి కాలిపర్ మొత్తం మార్చాలన్నారు. పిస్టన్ బిగుసుకుంటే రాత్రికి రాత్రి తనంతట తాను ఎందుకు వదులవుతుందన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదు.

ఆ ప్రశ్నకు జవాబు బ్రేకు లోపలి బలాల లెక్కలో ఉంది. పెడల్ తొక్కగానే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసేది మాస్టర్ సిలిండర్. ఇలాంటి చిన్న బండిలో దాని పిస్టన్ వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు ఆ పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు పెడల్ లివరూ, వాక్యూమ్ బూస్టరూ కలిసి మన కాలి బలాన్ని పెంచి ఆ పిస్టన్ మీద 300 కిలోల బలం వేశాయనుకుంటే, గొట్టాల్లోని ఆయిల్ మీద చదరపు సెంటీమీటరుకు దాదాపు 95 కిలోల ఒత్తిడి పడుతుంది. టైరులో మనం కొట్టించే గాలి 2 కిలోలకు అటూ ఇటూ ఉంటుందని గుర్తు చేసుకుంటే ఇది ఎంత పెద్ద ఒత్తిడో తెలుస్తుంది. వేసేటప్పుడు ఇంత బలం ఉంది, మరి వదిలేటప్పుడు? డిస్క్ బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ ఉండదు. కాలిపర్ లోపల పిస్టన్ చుట్టూ చతురస్రపు అంచులున్న రబ్బరు సీల్ ఒకటి ఉంటుంది. పిస్టన్ ముందుకు జరిగినప్పుడు ఆ సీల్ కొద్దిగా ఒరుగుతుంది, ఒత్తిడి పోగానే తన ఆకారానికి తాను తిరిగి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో కొద్ది భాగం వెనక్కి తెస్తుంది. అంతే. హోస్ లోపలి దారి ఇరుకైతే, వెళ్లేటప్పుడు ఆయిల్‌ను తోసుకుపోవడానికి 95 కిలోల ఒత్తిడి ఉంటుంది, తిరిగి రావడానికి ఆ సీల్ ఇచ్చే నామమాత్రపు బలమే దిక్కు. అందుకే చెడిన హోస్ వన్‌వే వాల్వులాగా పనిచేస్తుంది: బ్రేకు పడుతుంది కానీ వదలదు. వదలని ప్యాడ్ డిస్కును రాచుకుంటూ వేడెక్కుతుంది, ఆ వేడికి కాలిపర్‌లో చిక్కుకున్న ఆయిల్ వ్యాకోచిస్తుంది, దానితో ఒత్తిడి ఇంకా పెరిగి ప్యాడ్ ఇంకా బిగుసుకుంటుంది. బండి నిలిపి ఉంచితే ఆయిల్ చల్లబడి, మెల్లమెల్లగా ఆ ఇరుకు దారిలోంచే వెనక్కి చేరుతుంది. తెల్లవారేసరికి వదులు కావడంలోని రహస్యం ఇదే.

వెనక డ్రమ్ము బ్రేకుల్లో లైనర్లను వెనక్కి లాగడానికి బలమైన స్ప్రింగులు ఉంటాయి కాబట్టి, అక్కడి హోస్ ఇంతే చెడినా ఈ లక్షణం ఇంత కొట్టవచ్చినట్లు కనిపించదు.

ఇంతకీ లోపల ఏమవుతుంది? ఈ హోస్ చూడటానికి ఒకే రబ్బరులా ఉన్నా మూడు రకాల పొరలతో తయారవుతుంది. లోపలిది బ్రేక్ ఆయిల్‌కు తట్టుకునే ఈపీడీఎం రబ్బరు గొట్టం. దాని మీద ఒత్తిడికి ఉబ్బిపోకుండా ఆపే దారపు అల్లిక. ఆపైన ఎండను, దుమ్మును, రాతి దెబ్బలను తట్టుకునే రబ్బరు తొడుగు. లోపలి రంధ్రం 3 మిల్లీమీటర్ల చిల్లరే. కొత్తదైతే దీని బలానికి ఢోకా లేదు. అమెరికా వారి 106వ నంబరు వాహన భద్రతా ప్రమాణం 1/8 అంగుళం హోస్ 7,000 పీఎస్‌ఐకి లోపు పగలకూడదంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 490 కిలోలు. కానీ ఏళ్ల తరబడి ఇంజను వేడీ, బ్రేకుల వేడీ, చక్రం తిరిగినప్పుడల్లా వంగి నిటారయ్యే శ్రమా కలిసి రబ్బరును పెళుసుబారుస్తాయి. బయటి తొడుగు మీద సన్నని బీటలు కనబడితే అది మన అదృష్టమే, ఎందుకంటే చూసిన వెంటనే మార్చవచ్చు. లోపలి గొట్టం ఉబ్బినా, అల్లిక నుంచి ఊడి పొరలా లేచినా బయటి నుంచి ఏమీ తెలియదు. వానకు నానిన తలుపు గడపలో బిగుసుకున్నట్లు, తన దారిని తానే మూసుకుంటుంది.

ఈ వయసు తెచ్చే చెరుపు కాక మనుషులు చేసేది వేరే ఉంది. ప్యాడ్లు మార్చేటప్పుడు విప్పిన కాలిపర్‌ను హోస్ మీదే వేలాడదీసి టీ తాగడానికి వెళ్లే మెకానిక్‌లను ఎవరైనా చూడవచ్చు. ఆ బరువు హోస్ మీద పడితే చివరి ఇనుప మెడ దగ్గర లోపలి రబ్బరు చిట్లుతుంది, ఆ చిట్లిన చెక్కే తరువాత వాల్వులా లేచి నిలబడుతుంది. ఆయిల్ కారకుండా హోస్‌ను కటింగ్ ప్లయర్‌తోనో వైస్ గ్రిప్‌తోనో నొక్కి పెట్టే అలవాటు కూడా ఇంతే చేటు. ఇక రిజర్వాయర్‌లో పొరపాటున ఇంజను ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తే హోసులే కాదు, ఆ వ్యవస్థలోని ప్రతి రబ్బరు ముక్కా ఉబ్బి చెడిపోతుంది, ఎందుకంటే ఈపీడీఎంకు ఖనిజ నూనె గిట్టదు. బ్రేకు భాగాలను కిరోసిన్‌తో, పెట్రోలుతో కడగకూడదనడానికి కారణం కూడా ఇదే.

కాలిపర్‌దా, హోస్‌దా, మాస్టర్ సిలిండర్‌దా తప్పు అని తేల్చుకోకుండా సామాను కొనడం దండగ. తేల్చే పరీక్ష కష్టమైనదేమీ కాదు. బండిని చదునైన నేల మీద నిలిపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి; జాకీని ఒక్కదాన్నే నమ్మి గానీ, ఇటుకలు పేర్చి గానీ బండి కిందికి చెయ్యి పెట్టకూడదు. ఇంజను నడుస్తుండగా ఒకరు పెడల్‌ను గట్టిగా కొన్నిసార్లు తొక్కి వదలాలి, వెంటనే మనం చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. నా బండి కుడి చక్రం తేలికగా తిరిగింది, ఎడమది రెండు చేతులతో పట్టినా కదల్లేదు. అప్పుడు కాలిపర్ మీద ఎయిర్ తీయడానికి ఉండే నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేశాను. ఆయిల్ సన్నని ధారగా చిమ్మింది, చక్రం ఆ క్షణమే వదులైంది. నిప్పల్ తెరిచినా చక్రం వదలకపోతే పిస్టనో, పిన్నులో బిగుసుకున్నాయని అర్థం. వదిలిందంటే ఒత్తిడి లోపల చిక్కుకుని ఉందని అర్థం. అయితే అది హోస్ దగ్గరే చిక్కిందా, లేక మాస్టర్ సిలిండర్ నుంచే వెనక్కి వెళ్లడం లేదా అన్నది ఇంకా తేలలేదు. నిప్పల్ బిగించి, మళ్లీ తొక్కించి, చక్రం పట్టేశాక ఈసారి హోస్‌కు పైభాగాన ఇనుప గొట్టం కలిసే నట్టును కాస్త వదులు చేశాను. అక్కడ కొన్ని చుక్కలు కారాయి కానీ చక్రం పట్టు వదల్లేదు. హోస్‌కు పైన ఒత్తిడి లేదు, కింద ఉంది. కాబట్టి అడ్డు హోస్‌లోనే ఉంది. పై నట్టు వదిలినప్పుడే చక్రం వదిలి ఉంటే మాస్టర్ సిలిండర్ వైపు, పెడల్ సర్దుబాటు వైపు చూడవలసి వచ్చేది.

రోడ్డు మీద కూడా ఒక సూచన ఉంటుంది, దాన్ని గమనించేవారు తక్కువ. ఎడమ హోస్ ఇరుకైనప్పుడు బ్రేకు తొక్కిన తొలి క్షణంలో ఎడమ కాలిపర్‌కు ఒత్తిడి ఆలస్యంగా అందుతుంది కాబట్టి స్టీరింగ్ కొద్దిగా కుడికి లాగుతుంది. పెడల్ వదిలాక ఎడమ బ్రేకు ఇంకా పట్టే ఉంటుంది కాబట్టి ఎడమకు లాగుతుంది. తొక్కినప్పుడు ఒకవైపు, వదిలినప్పుడు మరోవైపు లాగే బండిని చూస్తే నేను ముందు హోస్‌నే అనుమానిస్తాను.

సామాను కోసం ఆటోనగర్ వెళ్లాను. ఎడమకూ కుడికీ హోసులు చూడటానికి ఒకేలా ఉన్నా, చివర్ల వంపూ బ్రాకెట్ కోణమూ వేరుగా ఉంటాయి కాబట్టి పార్టు నంబరు చూసే కొనాలి. ఒక్కటే చెడినా జతగా మార్చడం మేలని నా అభిప్రాయం. రెండూ ఒకే రోజున బండికి ఎక్కినవి, ఒకే ఎండలో ఎండినవి, పైగా కొత్తదీ పాతదీ ఉబ్బే తీరులో తేడా ఉంటే బ్రేకు రెండువైపులా సమంగా పడదు. ధర వందల్లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ లోకల్ మాల్ వైపు పోవలసిన అవసరం లేదు. హోస్ మీద ముద్రించిన అక్షరాలు చదవగలిగేలా ఉండాలి: బ్రేకు హోసుల ప్రమాణమైన ఎస్‌ఏఈ జె1401 అన్న గుర్తు, తక్కువగా ఉబ్బే రకమైతే హెచ్‌ఎల్, మామూలు రకమైతే హెచ్‌ఆర్, తయారైన తేదీ. పేరూ తేదీ లేని నల్లని గొట్టాన్ని, ఎంత మెరుస్తున్నా, నేను తీసుకోను. హోస్‌తో పాటు కాలిపర్ బోల్టుకు రెండు వైపులా వేసే రాగి వాషర్లు కొత్తవి తీసుకోవాలి. ఒకసారి నలిగి సర్దుకున్న వాషర్ రెండోసారి అంత నమ్మకంగా ఆయిల్‌ను ఆపదు, అయినా పాతవే తుడిచి వేసేయడం మామూలైపోయింది.

ఆయిల్ సీలు తీయని చిన్న డబ్బానే కొనాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెద్ద డబ్బా మూత తీసి నెలల తరబడి విడిగా అమ్మే ఆయిల్ చవకైనా నాకు అక్కర్లేదు. తేమ ఎంత మార్పు తెస్తుందో ప్రమాణాల్లోనే ఉంది: డాట్ 3 గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు 3.7 శాతం చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఘాట్ దిగుతున్న బండిలో ఒక బ్రేకు వదలకుండా రాచుకుంటూ ఉంటే, ఆ కాలిపర్‌లోని పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టడం పెద్ద విషయం కాదు. ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకు అంటుతుంది. దోర్నాల ఘాట్‌లో నాకు అంతదాకా రాలేదు. రిజర్వాయర్ మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయాలి. సిలికాన్‌తో తయారైన డాట్ 5ను మాత్రం వీటిలో దేనితోనూ కలపకూడదు.

అసలు పనిలో కష్టమంతా పై నట్టు దగ్గరే ఉంటుంది. ఇనుప గొట్టం చివరి ఫ్లేర్ నట్టు చిన్నది, మెత్తనిది, వానలకు తుప్పు పట్టి ఉంటుంది. మామూలు ఓపెన్ స్పానర్ వేసి బలం పెడితే దాని మూలలు గుండ్రబడతాయి, అక్కడితో రెండొందల పని రెండువేల పని అవుతుంది, ఎందుకంటే ఆ గొట్టాన్నే మార్చవలసి వస్తుంది. దీనికోసం ఫ్లేర్ నట్ స్పానర్ అని ఒకటి దొరుకుతుంది. రింగు స్పానర్‌కు గొట్టం పట్టేంత చీలిక పెట్టినట్లుండి, నట్టును దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. ముందురోజు సాయంత్రమే నట్టు చుట్టూ ఇనుప బ్రష్షుతో మట్టి గీకి, తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచాను. విప్పే ముందు ఆ స్ప్రేను గుడ్డతో పూర్తిగా తుడిచేశాను, అది కూడా ఖనిజ నూనే కాబట్టి గొట్టంలోకి పోకూడదు. హోస్ వైపు చివరను ఇంకో స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, ఫ్లేర్ నట్టును మాత్రమే తిప్పాలి. నట్టుతో పాటు ఇనుప గొట్టం కూడా మెలితిరుగుతున్నట్లు కనిపిస్తే అక్కడే ఆగాలి. మళ్లీ స్ప్రే కొట్టి, కొంచెం బిగించి కొంచెం వదులుతూ మచ్చిక చేసుకోవాలి. బ్రాకెట్‌లో హోస్‌ను పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పును నట్టు వదులయ్యాకే తీయాలి, ముందే తీస్తే హోస్ మెడకు ఆసరా పోతుంది.

హోస్ విప్పితే ఆయిల్ ధారగా కారిపోయి రిజర్వాయర్ ఖాళీ అవుతుందనే భయం అక్కర్లేదు. నిప్పల్ తెరిచి, పెడల్‌ను కాస్త కిందికి తొక్కి, ఆ స్థితిలో సీటుకూ పెడల్‌కూ మధ్య ఒక కర్ర ఆనించి ఉంచితే, మాస్టర్ సిలిండర్ పిస్టన్ ముందుకు జరిగి రిజర్వాయర్ నుంచి వచ్చే సన్నని రంధ్రాన్ని దాటిపోతుంది. పైనుంచి ఆయిల్ దిగదు. అలా ఉన్నంతసేపూ వెనక బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైరు ఒకటి తీసి పెట్టుకోవడం మంచిది. కారిన కొద్దిపాటి ఆయిల్‌నూ రంగు మీద పడనివ్వకూడదు, పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి. తుడిచి ఊరుకుంటే పెయింటు పొంగి లేస్తుంది.

కొత్త హోస్ బిగించడంలో చూడవలసిన ముఖ్యమైన విషయం మెలిక. హోస్ పొడవునా సన్నని తెల్ల గీత ఒకటి కనిపిస్తుంది. అది అలంకారానికి కాదు. బిగించాక ఆ గీత ఒక చివర నుంచి మరో చివర దాకా ఒకే వైపున సాగాలి, చుట్టు తిరిగి కనిపిస్తే హోస్ మెలిపడిందని అర్థం. మెలిపడిన హోస్ లోపలి అల్లిక ఎప్పుడూ బిగువులో ఉండి తొందరగా అలసిపోతుంది. అందుకే చక్రాలు తిన్నగా ఉంచి, ఫ్లేర్ నట్టును మొదట వేళ్లతోనే మూడు నాలుగు మరలు ఎక్కించి, కాలిపర్ వైపు బోల్టును రెండు కొత్త వాషర్ల మధ్య హోస్ కంటితో (చివరన ఉంగరంలా ఉండే భాగంతో) సహా చేత్తో కూర్చి, కంటి పక్కన ఉన్న చిన్న ముక్కు కాలిపర్ గాడిలో కూర్చుందో లేదో చూసి, బ్రాకెట్లో క్లిప్పు దిగగొట్టి, షాక్ అబ్జార్బర్ దగ్గరి బ్రాకెట్ సరిచేశాకే అన్నిటినీ బిగించాను. ఆ కాలిపర్ బోల్టు లోపల బోలుగా, పక్కన రంధ్రంతో ఉంటుంది, ఆయిల్ దానిలోంచే పోవాలి; రెంచ్ మీద వేలాడి బిగిస్తే తెగిపోతుంది. చిన్న బండ్లలో దీని బిగువు సాధారణంగా 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో చూసుకుని టార్క్ రెంచ్‌తో బిగించండి. తరువాత స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివర దాకా తిప్పుతూ, హోస్ టైరుకు గానీ, రిమ్ముకు గానీ, స్ప్రింగుకు గానీ తగలడం లేదని, ఎక్కడా లాగినట్లు బిగుసుకోవడం లేదని టార్చి వేసి చూడాలి. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు ఒకసారి, బండి బరువు చక్రాల మీద పడ్డాక మరోసారి చూడటం అవసరం, రెండు స్థితుల్లో హోస్ వంపు వేరుగా ఉంటుంది.

ఎయిర్ తీయడానికి రెండో మనిషి కావాలి. మా బావమరిది సీట్లో కూర్చున్నాడు. పెడల్ కింద నేల మీద ఒక చెక్క ముక్క పెట్టించాను. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరగని చివరి భాగంలో తుప్పూ మడ్డీ పేరుకుని ఉంటాయి, పెడల్ నేలకు తగిలేదాకా తొక్కితే సీళ్ల అంచులు అక్కడ రాచుకుని చిరుగుతాయి. నిప్పల్‌కు అక్వేరియంలో వాడే పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, రెండో చివరను కొంత కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచాను. ఈ పనిలో నియమం ఒక్కటే: పెడల్ కదలికను మాటతో చెప్పాలి, మాట వినకుండా చెయ్యి కదపకూడదు. "నొక్కి పట్టాను బావా" అని అతను అన్నాకే నేను నిప్పల్ తెరుస్తాను. నేను మూసి "వదులు" అన్నాకే అతను కాలు తీస్తాడు. నిప్పల్ తెరిచి ఉండగా కాలు తీస్తే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. మొదట టీ రంగు ఆయిల్, దానిలో పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి. తరువాత బుడగలు ఆవగింజలంత అయ్యాయి. ఆ తరువాత లేత తేనె రంగు ఆయిల్ ఒక్క బుడగ కూడా లేకుండా నిలకడగా వచ్చింది. మధ్య మధ్య రిజర్వాయర్ మట్టం చూసి పోస్తూ ఉండాలి, అది ఖాళీ అయితే పని మొత్తం మళ్లీ మొదలు.

ఇంజను బలం ముందు చక్రాలకు అందే చిన్న బండ్లలో బ్రేకు గొట్టాలు సాధారణంగా ఐమూలగా విడిపోయి ఉంటాయి: ఎడమ ముందు చక్రానికి కుడి వెనక చక్రం తోడు, కుడి ముందుదానికి ఎడమ వెనకది తోడు. రెండు ముందు హోసులూ విప్పినప్పుడు రెండు సర్క్యూట్లూ తెరుచుకున్నట్లే కాబట్టి నాలుగు చక్రాలకూ ఎయిర్ తీశాను. ఎలాగూ ఆయిల్ మార్చే గడువు కూడా దాటింది. చాలా కంపెనీలు రెండేళ్లకు ఒకసారి మార్చమంటాయి.

పని అయ్యాక ఇంజను నడుపుతూ పెడల్‌ను బలంగా తొక్కి కాసేపు అలాగే పట్టించాను. ఆ ఒత్తిడిలో ఒక్కో జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూస్తే, కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తెలుస్తుంది. పొడిగానే వచ్చింది. చక్రాలు బిగించి, మొదట వీధిలోనే నడక వేగంతో బ్రేకు వేసి చూసి, ఆపై బందరు రోడ్డు మీద తిప్పి వచ్చాను. చేతిని రిమ్ముల దగ్గర పెడితే రెండువైపులా ఒకే వెచ్చదనం. మరునాడు జాయింట్లనూ రిజర్వాయర్ మట్టాన్నీ మళ్లీ చూశాను, తేడా లేదు.

పాత ఎడమ హోస్‌ను పారేయకుండా బ్లేడుతో నిలువునా చీల్చాను. బయట చూస్తే ఒక్క బీట లేదు. కాలిపర్ వైపు ఇనుప మెడకు వేలెడు దూరంలో లోపలి గొట్టం ఒక పక్క ఉబ్బి, దాని నుంచి గోరంత చెక్క లేచి, దారికి అడ్డంగా వాలి ఉంది. సూదితో కాలిపర్ వైపుకు తోస్తే లొంగింది, వెనక్కి తోస్తే రంధ్రాన్ని మూసింది. షెడ్డువారు చెప్పినట్లు కాలిపర్ మార్చి ఉంటే వేలు ఖర్చయ్యేవి, ఈ చెక్క మాత్రం అక్కడే ఉండేది.

ఇలాంటప్పుడు స్టీలు తీగ అల్లిక ఉన్న హోసులు వేయించుకోమని కొందరు సలహా ఇస్తారు. వాటికి ఉబ్బే గుణం తక్కువ, పెడల్ గట్టిగా అనిపిస్తుంది, అది నిజమే. కానీ లోపలి గొట్టం పరిస్థితి ఆ అల్లిక కింద కనబడదు, అల్లికలో చేరిన ఇసుక లోపలి గొట్టాన్ని కోస్తుంది, ప్రమాణాల ముద్ర లేకుండా కొలత చెబితే అక్కడికక్కడే నొక్కి ఇచ్చే వాటి మీద నాకు నమ్మకం లేదు. రోజువారీ బండికి కంపెనీ రబ్బరు హోసే చాలు.

వెనక హోసులను వంచి, మెడల దగ్గర టార్చి వేసి చూశాను. బీటలు లేవు, పట్టిన లక్షణమూ లేదు, అయినా అవి కూడా ముందువాటి వయసువే కాబట్టి వాటి జత ఆర్డరు చేశాను. తీసిన పాత ఆయిల్ విషం. పిల్లలకు అందకుండా మూత బిగించిన సీసాలో ఉంచి, ఇంజను ఆయిల్‌తో కలపకుండా, వాడిన ఆయిళ్లు తీసుకునే చోట విడిగా అప్పగించాను.